ఈశాన్యపు కిటికీ

నేను ఒక అట్టముక్కల నమూనాను. విశాఖలో ఒక పాత చిత్రశాలకు కొత్త భాగం కట్టాలనుకున్నప్పుడు, అది ఎలా ఉంటుందో పెద్దలకు చూపడానికి నన్ను చేశారు. భవనం కన్నా ముందు పుట్టాను కనుక వరసకు దానికి అక్కను. పెత్తనం మాత్రం చెల్లెలిదే.

నన్ను చేయించినవాడు ఆర్కిటెక్టు భానోజీరావు. సాయానికి మనుషులున్నా, ఈశాన్యపు మూలగదిని మాత్రం తన చేత్తోనే అతికించాడు. ఆ గది ఆయన కూతురు చిత్కళ వేసిన సముద్రం బొమ్మ కోసం. చిత్రశాల ఆ బొమ్మను కొన్న ఏడాదే ఆ పిల్ల జ్వరంతో పోయింది. జిగురు రాస్తూ ఆమె మాటలు తనలో తానే అనుకునేవాడు.

"నాన్నా, ఎండ తగిలితే నా సముద్రం వెలిసిపోద్ది. చీకట్లో పెడితే చచ్చిపోద్ది. ఉత్తరం కిటికీ ఉన్న గదిలో పెట్టించు."

అందుకే ఉత్తరపు గోడకు, తూర్పు చివర, నిలువు కిటికీ కోశాడు. లోపల గోడకు సగం తపాలాబిళ్లంత నీలి కాగితం అంటించాడు. దాని ముందు వేలిగోరంత మనిషిని నిలబెట్టాడు. నాలో తక్కిన మనుషులకు ముఖమూ లేదు, జుట్టూ లేదు. ఈమెకు మాత్రం నల్లదారపు జడ ఉంది.

నన్ను కమిటీ ముందు పెట్టిన రోజున సిద్ధాంతిగారిని కూడా పిలిచారు. మన దగ్గర గోడ సగం ఇంజనీరు లెక్క మీద, సగం సిద్ధాంతి మాట మీద నిలబడుతుంది. టీ కప్పులకు చోటు చాలక అటెండరు నన్ను ఇటుది అటు తిప్పి పెట్టాడు. సిద్ధాంతిగారు గది దిక్కులు చూసుకుని, నన్ను చూసి ఉలిక్కిపడ్డారు.

"నైరుతిలో ఆ కంతేవిటండీ! కట్టినవాడి సంతానానికి అరిష్టం. మూయించేయండి."

"ఏటి భానోజీగారూ, మూసీమంటారా?" అన్నాడు అధ్యక్షుడు అప్పలరాజు.

అది నైరుతి కాదు, ఈశాన్యం, నన్ను తిప్పి పెట్టారంతే అని అరవాలనిపించింది. అట్టకు నోరెక్కడిది? చెప్పగలిగినవాడు భానోజీరావు ఒక్కడే. నోరు తెరిచాడు కూడా. కానీ సంతానం అన్న మాట ఆయన్ను ఇంటికి లాక్కుపోయింది. ఇంట్లో కూతురి గదికి కిటికీ తెరిపించింది కూడా ఆయనే. అది ఏ మూలో అని మనసులో వెతుక్కుంటున్నాడేమోనని, ఆయన ముఖం చూస్తే నాకు భయం వేసింది.

"మీ ఇష్టం," అన్నాడు.

భవనం లేచింది. ఈశాన్యాన గుడ్డిగోడ వచ్చింది. ఎన్ని దీపాలు పెట్టినా ఆ గదిలో సముద్రం నల్లగానే ఉంటుందట, జనం గబగబా దాటిపోతారట. నన్ను ముందు హాల్లో బల్ల మీద పెట్టారు. గాజు పెట్టె వస్తుందన్నారు, ఇంకా రాలేదు. నా కిటికీ మూయాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఎవరూ లేని వేళ నాలో ఆ దారపు జడ కదులుతుంది. గాలి అనుకుందామంటే హాలు తలుపులు మూసి ఉంటాయి.

భానోజీరావు అప్పుడప్పుడు వస్తాడు. కొత్త గదిలోకి వెళ్లడు. నా ముందు వంగి, ఒక కన్ను మూసి, రెండోది నా కిటికీకి ఆనిస్తాడు. ఆనించగానే లోపల చీకటి పడుతుంది. వెలుతురు వచ్చే దారి అదొక్కటే మరి. ఏమీ కనబడక కాసేపు అలాగే ఉండి, చటుక్కున వెనక్కి జరుగుతాడు.

"అడ్డొచ్చానా అమ్మా," అంటాడు.