నురుగు మీద ఆకు

దిల్‌సుఖ్‌నగర్‌లో విజయ్‌కుమార్ నడిపే పోచంపల్లి చీరల దుకాణం ఆ ఏడు పై అంతస్తుకు పెరిగింది. పైన ఒక మూల కాఫీ కౌంటర్ పెడదామన్నది అతని భార్య విజయశ్రీ. పెండ్లి చీరలకు వచ్చినవాళ్లు పరుపుల మీద కూర్చున్నారంటే పూటంతా లేవరు. వాళ్లకు పేపర్ గ్లాసుల్లో చల్లారిన చాయ్ ఇచ్చే బదులు, పాల నురుగుతో ఆకో పువ్వో వేసిన కాఫీ ఇస్తే బాగుంటుందని ఆమె ఆలోచన. విజయ్‌కుమార్‌కు నచ్చింది. శ్రావణమాసానికల్లా మొదలుపెట్టాలనుకున్నారు. వడ్రంగి పని అయ్యేదాకా కాఫీ మెషిన్‌ను ఎల్బీనగర్‌లోని ఇంట్లోనే, వంటింటి గట్టు మీద పెట్టుకుని, ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఆమె నేర్చుకోసాగింది.

అది అనుకున్నంత తేలిక కాలేదు. ఆవిరి గొట్టాన్ని పాలలోకి లోతుగా దించితే నురుగే రాదు, మరీ పైపైన పెడితే పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి. పాలు పారబోయడానికి చేతులు రాక మొదట్లో నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసి ఆ నురుగుతోనే సాధన చేసింది. మూతి సన్నగా ఉన్న స్టీలు జగ్గుతో ముందు కాస్త ఎత్తు నుంచి పొయ్యాలి, అప్పుడు పాలు కాఫీ అడుగుకు పోతాయి. తర్వాత జగ్గును కప్పుకు ఆనేంత దగ్గరికి దించితే తెల్లటి నురుగు పైకి తేలుతుంది. అప్పుడు మణికట్టును అటూ ఇటూ ఊపుతూ వెనక్కి జరగాలి. చివర్లో జగ్గెత్తి నడిమధ్యగా ఒక గీత లాగితే ఆకు పడుతుంది. ఆమెకు చాన్నాళ్లు మబ్బుతునకలే పడ్డాయి. తల్లి రాధమ్మ గుమ్మంలో పీట వేసుకుని చూస్తూ, పాలు పోసేటందుకు గింత పరేషాన్ ఏందని నవ్వేది.

ఒక ఉదయం ఆకు వచ్చింది. పొరలు పొరలుగా, సన్నటి అంచులతో, చూడముచ్చటగా వచ్చింది. విజయ్‌కుమార్ దుకాణానికి బయలుదేరుతూ ఆగి చూశాడు. ఇక్కత్ చీరలో ఒక రంగు పక్క రంగులోకి జారినట్టు ఉన్నదని మెచ్చుకుని ఫోటో తీసుకుని వెళ్లాడు.

విజయశ్రీ మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఆమె ఇంకా మణికట్టు ఊపలేదు. జగ్గు దించి, ఇక ఊపుదామనుకునేలోపే ఆకు పడిపోయింది.

ఇంకో కప్పు చేసింది. ఈసారి హృదయం ఆకారం వేద్దామనుకుంది. దానికి చెయ్యి ఊపే పనే లేదు, కదలకుండా పోస్తే చాలు. ఊపిరి బిగబట్టి, మోచెయ్యి నడుముకు ఆనించి పోసింది. మళ్లీ ఆకే వచ్చింది. పోస్తున్నంతసేపూ జగ్గు మూతి కప్పు అంచుకు టకటకా తగిలింది. చెయ్యి దానంతటదే వణుకుతున్నదని ఆ చప్పుడుతో ఆమెకు తెలిసింది. కప్పును సింక్‌లో బోర్లించి నీళ్లు వదిలింది.

ఆమె తండ్రి కోదండం పోచంపల్లిలో పేరున్న పనివాడు. నూలు సాగదీసి, రంగు అంటకూడని చోటల్లా ముళ్లు వేస్తుంటే ఆయన వేళ్లు కనిపించేవి కావు. యాభై దాటగానే ఆ వేళ్లకే వణుకు వచ్చింది. పార్కిన్సన్స్ అన్నారు. ముందు ముళ్లు వదులయ్యాయి, తర్వాత అంగీ గుండీలు పెట్టుకోలేకపోయాడు. నడక కురచయింది. నవ్వితే మొహంలో నవ్వు కనిపించడం మానేసింది. చివరి రోజుల్లో రాధమ్మే ముద్దలు చేసి తినిపించేది. ఆయన పోయాక ఆమె కూతురి దగ్గరికి వచ్చేసింది. ఆయన జబ్బులో ప్రతి మెట్టూ విజయశ్రీ కళ్లారా చూసింది. ఇప్పుడు తను మొదటి మెట్టు మీద నిలబడి ఉందని ఆమెకు అనిపించింది.

ఆ రోజు నుంచి ఆమె తన చేతిని పరాయి మనిషిని గమనించినట్టు గమనించడం మొదలుపెట్టింది. మెట్రోలో కడ్డీ పట్టుకుంటే వణుకు కడ్డీదో చేతిదో తెలిసేది కాదు. దుకాణంలో చీరకు చీటీ కుట్టాల్సి వస్తే, కళ్లద్దాలు మరిచిపోయానని పని వేరేవాళ్లకు అప్పజెప్పేది. అన్నం కలుపుతుంటే చెయ్యి బాగానే ఉండేది. గరిటెతో చారు పోస్తుంటే తెలిసిపోయేది. ఫోన్‌లో వెతకకూడదని గట్టిగా అనుకుంది, అనుకున్న సాయంత్రమే వెతికింది. అందులో రాసినవన్నీ తనకు ఉన్నట్టే తోచాయి. అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకునేది. వీధిలో నడుస్తూ అడుగులు కురచవుతున్నాయేమోనని భయపడి పెద్ద పెద్ద అంగలు వేసేది.

ఎవరికీ చెప్పలేదు. భర్తకు చెబితే దుకాణం పని ఆగిపోతుంది. తల్లికి ఎట్ల చెప్పాలి? ఒకసారి అంతా చూసిన మనిషిని మళ్లీ చూడమని ఎట్ల అడుగుతుంది? పైగా సాధన మానేస్తే అనుమానం వస్తుందని రోజూ మెషిన్ దగ్గర నిలబడేది. పోసిన ప్రతి కప్పూ ఒక పరీక్షయింది. మంచి ఆకు వస్తే భయపడేది, రాకపోయినా భయపడేది. ఆ కాఫీలన్నీ తనే తాగేసేది.

శ్రావణానికి ముందు, పై అంతస్తు పని పూర్తయిందని విజయ్‌కుమార్ మెషిన్‌ను దుకాణానికి తెప్పించాడు. పాత గిరాకీ ఒకాయన ఇంటివాళ్లు కూతురి పెండ్లి చీరలకు అదే రోజు వచ్చారు. మొదటి కాఫీలు వాళ్లకే ఇద్దామని, ఆమెకు ముందుగా చెప్పకుండా అందరి ముందూ పిలిచాడు. పెండ్లికూతురు, ఆమె తల్లి, మేనత్తలు కౌంటర్ చుట్టూ చేరారు. ఒకామె వీడియో తీయడానికి ఫోన్ ఎత్తింది.

పాలు వేడెక్కాయి. విజయశ్రీ జగ్గు ఎత్తగానే చెయ్యి పట్టు తప్పింది. ఇంట్లో కొద్దిగా కదిలే చెయ్యి ఇక్కడ ఇంతమంది కళ్ల ముందు గజగజలాడింది. రెండో చెయ్యి సాయం తెచ్చేలోపే జగ్గు కప్పును తన్నేసింది. కాఫీ, పాలు కలిసి కౌంటర్ మీది నుంచి, పక్కనే పరిచి చూపిస్తున్న గోధుమరంగు పట్టుచీర మీద పడ్డాయి. పెండ్లికూతురి తల్లి ఏం కాదమ్మా అంటూనే చీర వైపు చూసింది. విజయ్‌కుమార్ తుండుగుడ్డ అందుకుంటూ భార్య మొహం చూసి ఏదో అడగబోయాడు. ఆమె ఆగలేదు. మెట్లు దిగి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మెట్రో ఎక్కేసింది.

ఎల్బీనగర్‌లో దిగి ఇల్లు చేరేసరికి రాధమ్మ బాల్కనీలో బట్టలు తీస్తున్నది. కూతురు వేళ కాని వేళ రావడం చూసి దగ్గరికి వచ్చింది. విజయశ్రీ చెయ్యి ముందుకు చాపింది. ఏడుపు ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"అమ్మా, నాయిన జబ్బు నాకొచ్చింది" అన్నది.

రాధమ్మ ఆ చేతిని పట్టుకోలేదు. రెండడుగులు వెనక్కి వేసి కుర్చీలో కూలబడింది. ఎప్పటి నుంచని అడిగింది. విజయశ్రీ మొదటి ఆకు నుంచి అంతా చెప్పింది. రాధమ్మ లేచి బీరువాలోంచి మంచి చీర తీసుకుంది.

"పా దవాఖానకు. మీ ఆయనకు తోవలో ఫోన్ చేద్దాం" అన్నది.

మలక్‌పేటలో నరాల డాక్టర్ సూర్యప్రభ దగ్గర సాయంత్రానికి పిలుపు వచ్చింది. ఆమెది గుంటూరు వైపు మాట. కోదండం సంగతంతా విన్నది. విజయశ్రీని గది ఆ చివరి దాకా నడిపించింది, బొటనవేలికి చూపుడువేలు టపటపా కొట్టించింది, కాగితం మీద సుడి గీయించింది. సుడి గీత పొడుగునా అలలు లేచాయి. విజయశ్రీ ఆ గీతను చూడలేక తల తిప్పుకుంది. తర్వాత డాక్టర్ ఆమెను చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోమంది. డాక్టర్ ఏవేవో మాటల్లో పెట్టి, ఒళ్లోని చేతులనే చూస్తూ ఉండిపోయింది. చేతులు కదల్లేదు.

ఆఖరుకు ఒక గ్లాసులోని నీళ్లు ఇంకో గ్లాసులోకి పొయ్యమంది. మళ్లీ అదే టకటక. విజయశ్రీ కళ్లు మూసుకుంది.

డాక్టర్ రాధమ్మ వైపు తిరిగి, ఆయనకు చెయ్యి ఎప్పుడు వణికేదని అడిగింది. ఊరికే కూసున్నప్పుడే వణికేదని రాధమ్మ చెప్పింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి మాత్ర నలిపినట్టు నలిపేవాడు. చాయ్ గ్లాసు పట్టుకుంటే మొదట్లో ఆగేది కూడా. ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా అని డాక్టర్ అడిగింది. లేదన్నది రాధమ్మ. డాక్టర్ ఆమె ఒళ్లో ముడుచుకున్న చేతులను చూసింది.

"మీరూ ఒకసారి పొయ్యండమ్మా" అంది.

రాధమ్మ కదల్లేదు. తనకెందుకని గొణిగింది. డాక్టర్ గ్లాసులు ముందుకు జరిపింది. రాధమ్మ గ్లాసు ఎత్తింది. నీళ్లు సగం బల్ల మీద పడ్డాయి. కూతురి చెయ్యి ఎట్ల ఆడిందో తల్లి చెయ్యీ అట్లే ఆడింది, ఇంకా కొంచెం ఎక్కువగానే.

విజయశ్రీ తల్లి వైపు తిరిగింది.

"నాకు నీ అంత వయసు నుంచి ఉన్నది బిడ్డా" అన్నది రాధమ్మ, తడి బల్లను కొంగుతో తుడుస్తూ. "నాయినకు జబ్బొచ్చినంక చెప్పుడు బందు పెట్టిన. ఇంట్ల ఇద్దరి చేతులు వణుకుతయంటే ఆయనకు ఎవలు తినిపిస్తరని భయమైంది. నాకూ అదే జబ్బేమోనని ఇన్నేండ్లు భయపడ్డ. ఎవల్నీ అడగలే, నీ ముంగట ఏదీ పొయ్యలే."

డాక్టర్ ఇద్దరికీ కలిపి చెప్పింది. వణుకు ఒక్కలాగే కనిపించినా జబ్బులు వేరు. కోదండం చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణికింది, వీళ్ల చేతులు పని చేస్తుంటే వణుకుతున్నాయి. ఇది తల్లి వైపు నుంచి వచ్చింది. ప్రాణం మీదికి రాదు. వయసుతో కొంచెం పెరగవచ్చు, పూర్తిగా పోతుందని మాత్రం తను చెప్పదు. ఇబ్బందైతే మాత్రలు ఉన్నాయి. థైరాయిడ్ ఒకసారి చూపించుకోవాలి. రోజుకు ఎన్ని కాఫీలు తాగుతున్నారని అడిగి, జవాబు విని, అవి తగ్గించమన్నది.

బయట విజయ్‌కుమార్ ఎదురుచూస్తున్నాడు. దుకాణం వదిలేసి బండి మీద వచ్చేశాడు. విజయశ్రీ మొదటిసారిగా అతనికి అంతా చెప్పింది. అతను విని, కౌంటర్‌కు ఇంకెవరినైనా పెట్టుకుందామన్నాడు. ఆమె వద్దన్నది. ఆ మాట ధైర్యంగా అనలేదు, భయం ఇంకా ఒంట్లో ఉండగానే అన్నది. ఇంటికి పోయాక కూడా ఆమె తల్లి చేతినీ తన చేతినీ పక్కపక్కన ఒళ్లో పెట్టించుకుని చాలాసేపు చూసింది. రెండూ నిశ్చలంగా ఉన్నాయి. అయినా ఇంకాసేపు చూసింది.

శ్రావణంలో కౌంటర్ మొదలైంది. జగ్గు మూతిని కప్పు అంచుకు ఆనించి పోస్తే టకటక ఆగుతుందని ఆమె కనిపెట్టింది. ఆకు కొంచెం లావుగా, ఒక పక్కకు ఒరిగి వచ్చేది. మొదటి రోజు వనస్థలిపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ముందు జగ్గు ఎత్తుతుంటే చెయ్యి ఆడింది, ఆవిడ చూసింది. విజయశ్రీ జగ్గు కింద పెట్టబోయింది. పెట్టలేదు.

"నా చెయ్యికి వణుకున్నది, అమ్మా. జర నిమ్మళంగ పోస్త" అన్నది.

ఆవిడ పరవాలేదన్నట్టు తల ఊపి, ముందున్న చీర మడతను పక్కకు జరిపి, కప్పు కదలకుండా సాసర్ అంచు పట్టుకుంది. విజయశ్రీ పోసింది.