వడకట్టని జాడీ

బార్ తలుపు తీయగానే చుక్కలమ్మ చేసే మొదటి పని, అరలో ఉన్న బిట్టర్స్ సీసాలన్నీ పొడిగుడ్డతో తుడవడం. నిన్నటి చెమట మరకలు అలాగే ఉంటే, ఇవాళ ఎవరికి ఏ సీసా చెమర్చిందో తెలియక తికమకవుతుంది. సీసాల్లో ఉన్నది ఘాటు సారాలో నానబెట్టి వడకట్టిన చేదువేరు, బెరడు, నారింజ తొక్క, లవంగం, ఏలకులు. ఒక్కో సీసాది ఒక్కో పాళం. గ్లాసులో రెండు చుక్కలు పడితే చాలు, వెకిలిగా తియ్యగా ఉన్న మందు కూడా మర్యాద నేర్చుకుంటుంది. ఆ చుక్కలు వెయ్యడంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి అందరూ ఆవిడని చుక్కలమ్మ అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో.

ముదురు రంగు మందుకి లవంగాలది, తెల్లటిదానికి నారింజది అని లోకంలో లెక్కలున్నాయి. ఈ బార్‌లో వాటితో పనిలేదు. మనిషి వచ్చి స్టూలు మీద కూర్చోగానే అతనికి కావలసిన సీసాకి చెమట పడుతుంది. వచ్చేవాళ్ళకి అది అలవాటే. "ఆ చివరిది చెమర్చింది, అదే వెయ్యి చుక్కలమ్మా," అని వాళ్ళే చెప్పి, మళ్ళీ వానల గురించీ ఇంటద్దెల గురించీ మాట్లాడుకునేవారు.

వెనక వంటగది ఆవిడ భర్తది. ఉల్లిపాయల సూపులో, మాంసం గ్రేవీలో, చాక్లెట్ కరిగించేటప్పుడు ఆయనా ఆ చుక్కలే వేసేవాడు. "చేదు ఉన్నట్టు తెలియకూడదు. లేకపోతే మాత్రం తెలిసిపోవాలి," అని నేర్పింది ఆయన అక్క. ఈ బార్ పెట్టింది, బిట్టర్స్ చేసింది, తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది, అన్నీ ఆవిడే. చలికాలంలో ఆవిడ పోయింది. తమ్ముడు ఏడవలేదు. మర్నాడు పొయ్యి వెలిగించి, సూపు రుచి చూసి, "ఇందులో ఏమీ లేదు," అన్నాడు.

అంతే, ఆయన నాలుకకి ఇక ఏదీ తగల్లేదు. ఏం పెట్టినా తడిసిన అట్టముక్క నమిలినట్టుందని పక్కకి నెట్టేసేవాడు. వంటవాడు చిక్కిపోతే ఎవరు నమ్ముతారని మొదట్లో అందరూ హాస్యాలాడారు. తర్వాత ఆ హాస్యాలు ఎవరి నోటా రాలేదు. చొక్కా ఆయన వేసుకున్నట్టు లేదు, చొక్కాయే ఆయన్ని వేసుకున్నట్టుంది. డాక్టర్ పరీక్షలన్నీ చేసి రోగమేమీ లేదన్నాడు. చుక్కలమ్మని మాత్రం బయటికి పిలిచి, "ఇలాగే తినకపోతే గుండె తట్టుకోదమ్మా. వేసవి దాటడం కష్టం," అన్నాడు.

ఆవిడ భర్తని చెయ్యి పట్టుకుని తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఒక్క సీసా చెమర్చలేదు. పక్క స్టూలు మీద గడియారాలు బాగుచేసే ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన కోసం నారింజ సీసా నీళ్ళు కారుస్తోంటే, ఆ పెద్దమనిషి సిగ్గుపడి దానికి తన టోపీ అడ్డం పెట్టాడు.

రోజూ కూర్చోబెట్టింది. సీసాల వరస మార్చి చూసింది. అందరూ వెళ్ళిపోయాక అర ముందు నిలబడి, "ఊళ్ళో తాగుబోతులందరికీ చెమరుస్తారే, నా మొగుడు మీకేం పాపం చేశాడు?" అని తిట్టింది. ఆఖరికి కెటిల్‌లో నీళ్ళు మరిగించి సీసాలకి ఆవిరి పట్టించింది. అన్నిటికీ చెమట పట్టింది. అది తను చేసిన దొంగ చెమటేనని ఆవిడకి తెలుసు. తెలిసే, అన్నిట్లోంచీ చుక్కలు తీసి సూపులో వేసి ఆయన ముందు పెట్టింది.

ఆయన ఒక చెంచా మింగి గిన్నె వెనక్కి జరిపాడు. "ఎందుకే నీకీ తిప్పలు?" అన్నాడు మెల్లగా. ఆ మెల్లగా అనడం ఆవిడ తట్టుకోలేకపోయింది. గిన్నె విసిరికొట్టి ఉంటే ఎంతో బాగుండేది.

మూలిగే నక్క మీద తాటిపండన్నట్టు, వంటగది గోడకి చెమ్మ పట్టింది. అలమార కింద నేలంతా తడి. ఉప్పు డబ్బాలో ఉప్పు రాయిలా గడ్డకట్టింది. ప్లంబర్ రెండుసార్లు వచ్చి పైపులు బిగించి వెళ్ళాడు. మూడోసారి గోడ పలకలు ఊడదీసి, లోపలికి చెయ్యి పెట్టి తడిమి తల అడ్డంగా ఊపాడు.

"పైపు బాగానే ఉందమ్మా. తడి గోడలోంచి కాదు, ఈ అలమారలోంచే వస్తోంది. సామాన్లు బయట పెట్టండి."

చుక్కలమ్మ విసుక్కుంటూ డబ్బాలు తీసింది. అన్నిటికీ వెనక వదినగారి జాడీ.

ఆవిడ పోయేనాటికి నానుతున్న జాడీ అది. గడువు దాటినా వడకట్టకపోతే పారబొయ్యాలని ఆవిడే నియమం పెట్టింది. వడకట్టనిది బిట్టర్స్ కాదు, నానిన కట్టెలు. అలాంటి జాడీ చెమర్చిందా లేదా అని ఎవరూ చూడరు. తమ్ముడు పారబొయ్యమన్నాడు కూడా. చుక్కలమ్మకి చేతులు రాక, ఉప్పు డబ్బా వెనక దాచి, దాని సంగతే మర్చిపోయింది.

జాడీ మూతికి కట్టిన గుడ్డ పిండితే నీళ్ళు వచ్చేలా ఉంది. గాజు మీంచి చెమట ధారలు కారి, కింద చెక్క ఉబ్బిపోయింది. ఇన్ని నెలలూ ఇది ఆయన కోసం కారుతూనే ఉంది. తను పైపుల్ని తిట్టుకుంటూ తుడుస్తూనే ఉంది. చుక్కలమ్మ ఆ తడిలోనే కూలబడింది.

ప్లంబర్ తొంగి చూసి, "జాడీ చెమర్చిందన్నమాట," అన్నాడు. "మరి పలకలు అతికించెయ్యనా?"

"అతికించెయ్యి బాబూ."

వడకడితే బొగ్గులాంటి నలుపు దిగింది. ఆవిడ వేలికి అంటించుకుని నాకి చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, చెవులు గింగుర్లెత్తాయి. ఇది మందులో వేస్తే తాగినవాడు కేసు పెడతాడు. ఉల్లిపాయలు వేయించి, సూపు కాచి, రెండు చుక్కల లెక్క పక్కన పెట్టి చెంచాడు పోసింది.

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న భర్త గిన్నె చూసి మొహం తిప్పుకున్నాడు. "మళ్ళీ మొదలుపెట్టావా? వద్దే."

"ఈ ఒక్కసారికి. ఇంకెప్పుడూ అడగను," అంది. అడగడానికి ఆయన ఉండడేమోనన్న భయం గొంతులో వినబడకుండా దాచుకుంది.

ఆయన చెంచా నోట్లో పెట్టుకున్నాడు. దవడ కదలడం ఆగింది. మొహమంతా ముడుచుకుపోయింది.

"ఛీ! చేదు!"

"ఏమన్నారు?"

"చేదే! విషంలా ఉంది. అక్క ఈ జాడీ వడకట్టలేదా?"

"వడకట్టకుండానే పోయింది కదండీ," అంది చుక్కలమ్మ.

పోయిందన్న మాట ఆయన చెవికి అప్పుడే చేరినట్టుంది. భోరుమన్నాడు. చిన్నపిల్లాడిలా ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా ఏడ్చాడు. "అక్కా, అక్కా" అంటూనే చెంచా వదల్లేదు. ఏడుస్తూ, మొహం చిట్లిస్తూ, ఒక్కో చెంచా మింగుతూ పోయాడు. చుక్కలమ్మ గిన్నెలో సూపు దిగడం చూస్తూ నిలబడింది.

సగం అయ్యాక ఆయన తలెత్తాడు. కనుబొమలు ముడిపడ్డాయి. వంటగదిలో ఎవరైనా తప్పు చేస్తే పడే ముడి అది. ఆవిడ దాన్ని చూసి ఎన్నాళ్ళయిందో.

"ఇందులో ఉప్పెయ్యలేదేం?"

"ఉప్పు గడ్డకట్టిపోయిందండీ."

"గడ్డకడితే కొట్టుకోవాలి! సూపు చేసే పద్ధతి ఇదేనా?"

ఆవిడ వంటగదిలోకి పరిగెత్తింది. జాడీ మీద తడి అప్పటికే ఆరిపోయి ఉంది. రోకలిబండ తీసుకుని ఉప్పుగడ్డని దబాదబా బాదింది. ఆ చప్పుడు చాటున, ఇన్ని నెలలుగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

"ఎంత వెయ్యమంటారు?" అని కళ్ళు తుడుచుకుని లోపల్నుంచే కేకేసింది.

"నువ్వు వెయ్యకు. ఇటు తీసుకురా," అన్నాడాయన. "రుచి చూసి నేనే వేసుకుంటాను."