తలకిందుల చొక్కాలు

చొక్కాని తిరగేసి, గుండీలన్నీ పెట్టి, కింది అంచు పైకి వచ్చేలా పట్టుకుని గట్టిగా దులిపి, ఆ అంచుని తీగకి క్లిప్పులతో బిగించాడు. భుజాల దగ్గర క్లిప్పు పెడితే బట్ట మీద నొక్కు పడిపోతుంది. లాండ్రీలో మొదట నేర్పింది అదే. దేశం కాని దేశంలో అతనికి వచ్చిన విద్య కూడా అంతే.

ఆ లాండ్రీ మూతపడింది. సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి, పై దేశాల పనివాళ్ళని ఇంటింటికీ తిరిగి పట్టుకుపోతోంది. వెళ్ళినవాడు తిరిగొచ్చింది లేదు. తమ ఇంట్లో అద్దెకుంటున్న అతన్ని ఇంటివాళ్ళు మాత్రం వెళ్ళగొట్టలేదు. ఎటో వెళ్ళిపోయాడని వీధిలో చెప్పి, స్టోరు గదిలో డబ్బాల వెనక పక్క వేశారు. రేపు పొద్దున్నే సరిహద్దు దాటించడానికి లారీ వస్తుంది. ఈ ఒక్క పగలు గడిస్తే బతికిపోతాడు.

కానీ ఊరికే కూర్చోవడం అతని జాతకంలో లేదు. ఇంటావిడని అక్కా అంటాడు, ఆమె భర్తని బావగారూ అంటాడు. అక్క రొట్టెల క్యూలో ఉంది, బావ ఆఫీసుకి వెళ్ళాడు, అతను పెద్దమ్మా అని పిలిచే బావ తల్లి కుర్చీలో కునుకు తీస్తోంది. దాక్కున్నప్పటి నుంచీ ఉతకడం అతని వంతు, ఆరేయడం అక్క వంతు. పాపం అక్కకి నడుంనొప్పి. అందుకని ఇవాళ బాల్కనీ కటకటాలకి ఓ దుప్పటి కట్టి, దాని చాటున వంగి తనే ఆరేశాడు. ఎవరి కంటా పడలేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు కూడా, పిచ్చి సన్నాసి.

"ఏంటి తమ్ముడూ, మా ఆయన చొక్కాలు తలకిందులుగా తపస్సు చేస్తున్నాయి?" అని, అద్దెకి దిగిన కొత్తలో అతను బట్టలు ఆరేస్తే అక్క ఆటపట్టించేది.

"ముడతలు పడని వరం కోసం అక్కా" అనేవాడు.

వీధి మలుపు తిరుగుతూనే అక్క తలెత్తి చూసింది. దుప్పటికి పైన, తీగ మీద చొక్కాలన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి. పరుగున మేడెక్కి, "నీకేం పోయేకాలం తమ్ముడూ" అంటూ అతన్ని స్టోరు గదిలోకి నెట్టి, క్లిప్పులు లాగబోయింది. అప్పటికే కింద జీపు ఆగింది. సైనికుడి వెనకాలే లాండ్రీ ఓనరు దిగాడు. పనివాళ్ళని చూపిస్తే షాపు తెరుచుకోనిస్తామన్నారట.

ఓనరు పైకొచ్చి తీగ వైపు చూశాడు. "ఇది మా షాపు పద్ధతి. ఈ వీధిలో ఇంకెవరూ ఇలా ఆరెయ్యరు" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

"నేనే ఆరేశాను" అంది అక్క.

సైనికుడు బకెట్లోంచి తడి చొక్కా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఏదీ, ఆరెయ్యి."

స్టోరు గది తలుపు సందులోంచి అతనికి అంతా కనిపిస్తోంది. ముందు తిరగెయ్యక్కా, గుండీలక్కా, అని లోపల్లోపలే మొత్తుకున్నాడు. ఆమె చొక్కాని ఒక్క విదిలింపు విదిలించి, బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్నట్టే, రెండు భుజాలకీ క్లిప్పులు పెట్టేసింది. పెట్టాక గాని ఏం చేసిందో ఆమెకి తెలియలేదు.

సైనికుడు తుపాకీ మడమతో ఆమె నడుం మీద కొట్టాడు. పెద్దమ్మ లేచొచ్చి, "నా కోడల్ని వదిలెయ్యి నాయనా" అని అడ్డం పడింది.

అతనికి చచ్చేంత భయంగా ఉంది. అయినా డబ్బాలు జరుపుకుని బయటికొచ్చాడు.

"వీళ్ళకేం తెలీదండీ. డాబా మీంచి దిగి నేనే దాక్కున్నా."

అక్క నోరు తెరవబోయింది.

"మీరూరుకోండమ్మా, మీకేం సంబంధం?" అన్నాడు. ఆమెని అక్కా అనకుండా పలకరించడం అతనికి అదే మొదటిసారి. మెట్ల మీద ఓనరుకి దారిచ్చి, వాళ్ళ వెంట దిగిపోయాడు.

మర్నాడు లారీ వీధి చివర కాసేపు ఆగి వెళ్ళిపోయింది. బావ ఊరంతా తిరిగి కనుక్కొచ్చాడు. పట్టుకెళ్ళినవాళ్ళందరినీ ముందురోజు సాయంత్రమే కాల్చేశారట. అక్క వంటింట్లో కూలబడి గొంతెత్తి ఏడ్చింది, వినేవాళ్ళు వింటే విననీ అని. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి ఒక్కొక్క బట్టే తీసింది. తను ఆరేసిన చొక్కా దగ్గర మాత్రం చెయ్యి రాలేదు. వాన మొదలైనా అది తీగ మీదే ఉండిపోయింది.