చెవి అందిన బిడ్డ

ఆ రోజుల్లో అత్తిముగం బడిలో ఒకటో తరగతికి పుట్టిన తేదీ ఎవరూ అడిగేవారు కారు. రాసిపెట్టుకున్న వాళ్లుంటే కదా అడగడానికి! కుడిచెయ్యి తలమీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకుంటే బిడ్డకు ఐదేళ్లు నిండినట్టే. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవారు. మంజులమ్మ కూతురు కెంచమ్మ పిడికెడంత బిడ్డ. రెండేళ్లు వరసగా పోయి, రెండుసార్లూ చెవి అందక తిరిగొచ్చింది. మంజులమ్మకు రోషం వచ్చి ఇంట్లోనే పలక పట్టించింది.

అసలు సంగతేమిటంటే, మొన్న ఉగాదికే కెంచమ్మ చెయ్యి చెవికి అందింది. తల్లి చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. చిన్నప్పుడు మంజులమ్మను నాలుగో తరగతిలోనే బడి మాన్పించి గొర్రెల వెంట పంపారు. ఇన్నాళ్లకు బిడ్డ పేరు చెప్పుకుని వాచకం మళ్లీ చేతికొచ్చింది. పెనిమిటి నాగేశప్ప హోసూరు ఫ్యాక్టరీకి బస్సెక్కగానే తల్లీకూతుళ్లు పుస్తకం ముందు కూర్చునేవారు. బిడ్డ బడికి పోతే, పెళ్లయిన ఆడది ఒంటరిగా పుస్తకం పట్టుకుంటే ఊరు నవ్వదా? తప్పు తప్పే. అయినా ఆ తల్లిని కోప్పడడానికి మనసు రాదు.

బళ్లు తెరిచిన వారం, విత్తనానికి చెనక్కాయలు ఒలవడానికి స్నేహితురాళ్లు కాళమ్మ, పాపక్క ఆమె అరుగు మీదికి చేరారు. చేతుల కంటే నోళ్లు జోరుగా ఆడుతున్నాయి.

"ఇంట్లో చదివితే ఎవరు పాసంటారమ్మా?" అంది కాళమ్మ.

"ముందు చదవనీ అక్కా. పాసు సంగతి తర్వాత."

"నలుగురు పిల్లోళ్లతో కలవకుంటే మూగదైపోదా?"

"ఇదా? ఇది ఒక్క పూట నోరు మూసుకుంటే దేవుడికి టెంకాయ కొడతా!"

కాళమ్మ పగలబడి నవ్వింది. పాపక్క నవ్వలేదు. "ఒక్కో అక్షరం వచ్చేదానికి ఎన్నాళ్లయితుంది? మొద్దు బుర్రకైనా ఎక్కుతుందా? మర్చిపోతే కొడతావా?" అని ఒకటే ఆరా. మంజులమ్మకు ఒళ్లు మండింది. దెప్పిపొడవడానికే అడుగుతోందనుకుని ముక్తసరిగా జవాబిచ్చింది.

కెంచమ్మ ఎడమ గుప్పిట నిండా పప్పులు పట్టుకుని మధ్యలో తిరుగుతోంది. కాళమ్మ పెట్టిన కనకాంబరాలు జారి ఎడమ చెవి మీద వేలాడాయి. బిడ్డ కుడిచెయ్యి తలమీదుగా పోనిచ్చి, చెవి దాటి, పూలను పైకి తోసుకుంది.

"అందుతుంది గదే! ఎప్పటినుంచి?" అంది కాళమ్మ.

మంజులమ్మకు దుఃఖం ఆగలేదు. "ఉగాదినుంచి అక్కా. ఇది బడికి పోతే నా చదువూ ఆడికే అయిపోతుందని చెప్పలేదు."

"నీకు చేసిందే బిడ్డకూ చేస్తావా తల్లీ?" అంది కాళమ్మ, ఆమె వీపు నిమురుతూ. పాపక్క మాత్రం తలెత్తకుండా కాయలు ఒలుస్తూనే ఉంది. అదే మంజులమ్మను ఎక్కువగా బాధించింది.

మర్నాడు తలంటి, జడవేసి, బిడ్డను బడికి తీసుకెళ్లింది. అయ్యవారు చెయ్యి పెట్టి చూపించమన్నాడు. చెవి అందింది. కెంచమ్మ వెనక్కి తిరిగి కూడా చూడకుండా లోపలికి పరుగెత్తింది. సంతోషమూ ఏడుపూ కలిసి వచ్చి, మంజులమ్మ కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చింది.

అరుగు మీద పాపక్క కూర్చుని ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది.

"కాయలు నిన్ననే అయిపోయినాయి గదక్కా," అంది మంజులమ్మ.

"కాయలకు రాలేదు." పాపక్క తల వంచుకుంది. "నిన్న నేనడిగిందంతా బిడ్డను గురించి అనుకుంటివా? నా కోసరం అడిగినానమ్మా. ఊరు నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వనీ."

మంజులమ్మ లోపలికి పోయి వాచకం తెచ్చింది.

"కొంచెం అట్లా జరుగక్కా," అంది పక్కన కూర్చుంటూ. "వెలుగు పడాల."