పులుసులో మాత్ర

ఆస్పత్రిలో మంచమెక్కకుండా ఇంట్లోనే మాత్రలు మింగితే క్షయ నయమవుతుందా అని తెనాలి నుంచి డాక్టర్లు వచ్చి పరిశోధన చేస్తున్న రోజులవి. రేపల్లె అవతల పల్లెలో ముత్యాలరావుకూ, పక్కింటి బ్రహ్మానందానికీ మాత్రలిచ్చారు. మింగిందీ లేనిదీ మూత్రంలో తెలుస్తుంది. సీసా పట్టుకుని ఎప్పుడొస్తారో ముందు చెప్పరు. మందు జాడ లేకపోతే పేరు కొట్టేస్తారు.

ముత్యాలరావు మాత్ర నోట్లో వేసుకుని, పెరట్లోకెళ్ళి ఉమ్మేసేవాడు. మందు తింటే చేపలవేటలో పడవ మీద కళ్ళు తిరుగుతాయని అతని భయం. భార్య వెంకటరమణమ్మ రెండోరోజే చూసింది. కిందటేడు ఇదే జబ్బుతో పోయిన బావగారి నెత్తుటి గుడ్డలు ఉతికింది ఆమే. అయినా దెబ్బలాడలేదు. బియ్యప్పిండితో బిళ్ళలు చేసి, ఎండబెట్టి, అవి మొగుడి చేతికిచ్చేది. అసలు మాత్రలు నూరి అతని పులుసులో కలిపేది.

నాలుగు నెలల్లో అతను ఒళ్ళు చేశాడు.

"చూశావా, ఇదంతా చేప బలం!" అని మీసం దువ్వేవాడు. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకునేది.

ఓ ఉదయం హెల్త్ విజిటరు కుసుమకుమారి వచ్చింది. ముత్యాలరావు సీసా తీసుకుని పెరటిదారిన బ్రహ్మానందం ఇంట్లో దూరి, నిండు సీసాతో తిరిగొచ్చాడు. ఆమె మందుచుక్కలు వేసింది. రంగు మారలేదు.

"మీ పేరు కొట్టేస్తున్నా బాబాయ్. ఇక పెద్దాస్పత్రే."

"అదేంటి! బ్రహ్మానందం రోజూ మింగుతాడే!"

గోడవతల బ్రహ్మానందం గట్టిగా దగ్గాడు.

వెంకటరమణమ్మ ఇంకో సీసా మొగుడి చేతిలో పెట్టింది. "ఈసారి నీదే పొయ్యి మావా."

"నాది పోస్తే కొంప మునుగుద్దే!"

"పొయ్యమంటున్నాగా!"

చుక్కలు పడగానే సీసా గులాబిరంగుకు తిరిగింది. ముత్యాలరావు నోరు తెరిచాడు. వెంకటరమణమ్మ జరిగిందంతా చెప్పింది.

"పులుసు సంగతి పైవాళ్ళకేమని రాయను పిన్నీ?" అని కుసుమకుమారి తల పట్టుకుంది.

"ఉన్నదున్నట్టు రాయమ్మా. పేరు మాత్రం కొట్టబాక."

కొట్టలేదు.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ముత్యాలరావు చెయ్యి చాచాడు.

"ఏంటి?"

"మాత్రియ్యి."

మింగి, మంచినీళ్ళు తాగి, పులుసు నాలిక్కి రాసుకున్నాడు. "నాలుగు నెల్లుగా చేదు. అన్న పోయిన దిగులుతో నీ చెయ్యి తిన్నగా లేదనుకున్నా. ఒక్క మాటన్నానా?"

"అన్లేదు మావా," అని ఆమె ఇంకో గరిటె పోసింది.