తడిమట్టి బరువు

గొలుసును రెండుసార్లు లాగి చూసి, మూడోసారి కూడా లాగాడు నిదానం. ట్రాలీ కొక్కెం పికప్ వెనక ఇనుప బంతి మీద సరిగ్గానే కూర్చుంది. పిన్ను పడింది, పిన్నుకు క్లిప్పూ పడింది. అయినా ఒక మోకాలు నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, కింద నుంచి మరోసారి చూశాడు. ఇన్నేళ్ళుగా చూస్తున్న కొక్కెం ఇవాళ కొత్తగా మోసం చేస్తుందని కాదు. చూడకుండా బండెక్కితే దారిపొడవునా మనసు వెనక్కి లాగుతూ ఉంటుంది. దానికంటే మోకాలికి మట్టి అంటడమే నయం.

ఆయన అసలు పేరు నర్సరీలో సగం మందికి తెలియదు. నిదానం అన్నది ఆయన బండి నడిపే తీరు చూసి పెట్టిన పేరు. పెట్టినవాళ్ళు వెక్కిరింపుగానే పెట్టారు, ఆయన మెచ్చుకోలుగా పుచ్చుకున్నాడు. పొట్టి మనిషి. చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి ఉంటాయి. గోళ్ళ చుట్టూ నల్లటి గ్రీజు ఏ సబ్బుకూ లొంగకుండా స్థిరపడిపోయింది. కిటికీ వైపు చెవికి గాలి కొట్టీ కొట్టీ సగం చెవుడొచ్చింది కాబట్టి, ఎవరైనా మాట్లాడితే రెండో చెవి తిప్పుతాడు. చూసేవాళ్ళకు మొహం తిప్పుకున్నట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు నొచ్చుకుంటారు, పాతవాళ్ళు ఇటువైపు నుంచి వచ్చి మాట్లాడతారు.

ట్రాలీ మీద పన్నెండు చెట్లు ఏటవాలుగా పడుకుని ఉన్నాయి. ఒక్కోటీ ఇద్దరు మనుషుల పొడవు. వేర్ల చుట్టూ ఉన్న మట్టిముద్దకు గోనెగుడ్డ చుట్టి, తాడుతో బిగించారు. ఆయన మేనకోడలు రబ్బరు గొట్టం పట్టుకుని ఆ ముద్దలను ఒక్కొక్కటిగా తడుపుతోంది. బయల్దేరే ముందు గోనె నుంచి నీళ్ళు ధారగా కారాలన్నది ఈ నర్సరీ పద్ధతి. స్థాపించిన పెద్దాయన పెట్టాడు. ఆయన పోయి పదేళ్ళయినా పద్ధతి పోలేదు.

ఇవాళ నిదానం మనసు మాత్రం చెట్ల మీద లేదు. నిన్న సాయంత్రం యజమానురాలు, అంటే ఆ పెద్దాయన కూతురు, తన గదిలోకి పిలిచి బల్ల మీద మూడు కాగితాలు పరిచింది. పాత పికప్ ఇంజను ఇంకోసారి విప్పితే మళ్ళీ అమరదని మెకానిక్ తేల్చి చెప్పేశాడు. కొత్తది కొనాలి.

“బండి ఒకటే, ఇంజన్లు మూడు రకాలు. ఏది కావాలో మీరే చెప్పండి. నడిపేది మీరు,” అంది. రేపు సాయంత్రానికి చెబితే చాలని కూడా అంది.

ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో ఆయన్ను తీసుకురమ్మన్నారు, తీసుకెళ్ళమన్నారు, ఎక్కించమన్నారు, దించమన్నారు. ఏది కావాలని అడిగినవాళ్ళు లేరు. అడగలేదే అని ఆయనా ఎప్పుడూ అనుకోలేదు. నిన్న అడిగాక తెలిసింది, అడిగితే ఇలా ఉంటుందని. ఇంటికెళ్ళి భార్యకు ఆ సంగతి చెప్పాడు. అన్నం తింటూ మళ్ళీ చెప్పాడు. ఇందాకే చెప్పారుగా అందావిడ. నువ్వు వినాలని కాదు, నేను చెప్పాలని అన్నాడు. ఆవిడ నవ్వి, అయితే మూడోసారి కూడా చెప్పండి అని ఎదురుగా కూర్చుంది. అలాంటి మనిషి దొరికినందుకు ఆయన ఆ రోజు పడుకునే ముందు మనసులోనే ఒక దణ్ణం పెట్టుకున్నాడు.

మూడింటిలో మొదటిది పెట్రోలు ఇంజను. మెత్తగా పోతుంది గానీ వెనక ట్రాలీ తగిలించి ఎత్తు ఎక్కిస్తే పెట్రోలు ముల్లు కళ్ళెదుటే పడిపోతుంది. దాన్ని నిన్ననే పక్కన పెట్టేశాడు. రెండోది చిన్న డీజిలు. సోడాసీసా అంత ఇంజను కొండ మీదికి ఏం లాగుతుందని మెకానిక్ పెదవి విరిచాడు. మూడోది పెద్ద డీజిలు. దాని మీద ఆయనకు ఎన్నో ఏళ్ళ మోజు. కొండదారిలో తన పాత బండి రెండో గేరులో రొప్పుతుంటే, అలాంటిదొకటి పక్కనుంచి దాటిపోయినప్పుడల్లా మలుపు తిరిగేదాకా దాని వీపునే చూస్తూ ఉండిపోయేవాడు.

మోజుంది కదా అని అనేస్తే అయిపోయేదే. కానీ ఆయనకు ఇంకో రెండేళ్ళే ఉద్యోగం. ఆ తర్వాత నడపబోయేది ఈ మేనకోడలే. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. ప్యాకింగు షెడ్డులో పనిచేస్తూ, ఆయన దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకుంది. కొత్త బండి పదిహేనేళ్ళు తిరుగుతుంది. వారంలో రెండు రోజులే కొండకు ట్రాలీ లాగాలి, మిగతా నాలుగు రోజులూ కుండీలూ ఎరువు బస్తాలూ వేసుకుని ఊళ్ళో వీధి వీధికీ ఆగుతూ తిరగాలి. పెద్ద డీజిలు ఖాళీగా తిరిగినా బాగా తాగుతుంది. పైగా చిన్న చిన్న దూరాలకు తిప్పితే పొగగొట్టంలో మసి పేరుకుని మొరాయిస్తుందని మెకానికే చెప్పాడు. ఆయన ఇవాళ తప్పు చెబితే, ఆ తప్పు రోజూ ఈ పిల్ల కాలికింద ఉంటుంది. ఆ ఆలోచనే రాత్రి ఆయన్ను రెండుసార్లు లేపింది.

కొండకు తిరిగేముందు బండ్లు తూచే వేబ్రిడ్జి ఉంది. నిదానం బండిని అటు తిప్పాడు. ట్రాలీని విప్పి, ఒక్కదాన్నే ఇనుప పలక మీద నిలబెట్టాడు. ఇన్నేళ్ళు లాగినా దాని బరువెంతో ఎప్పుడూ చూడలేదు. కాటా మనిషి చీటీ చింపి ఇచ్చాడు. రెండువేల ఏడువందల నలభై కిలోలు.

చిన్న డీజిలు కాగితంలో రెండువేల అయిదు వందలకు మించి లాగించకూడదని ఉంది. నిదానం ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంటే పెద్దదే. తనకిష్టమని కాదు, లెక్కే అలా వచ్చింది. లోపల ఏదో గంతు వేసింది. ఈ వయసులో ఇదేం సంబరమని సిగ్గుపడి, మేనకోడలికి కనబడకుండా మొహం తుడుచుకున్నాడు.

కొండదారి ఎక్కుతుంటే పాత ఇంజను ఎప్పటిలాగే మూడో గేరులో మూలిగి, రెండోదానికి దిగింది. నిదానం బయటి అద్దం కిందికి వంచుకుని, ట్రాలీ చక్రం రోడ్డు అంచు దాటకుండా అలవాటు ప్రకారం చూసుకుంటున్నాడు. వేడి ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. సగం ఎత్తులో, రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట బండి ఆపాడు. అక్కడ పావుగంట ఆగడం ఆయనకు అలవాటే. చక్రాలకు రాళ్ళు పెట్టి వెనక్కి వచ్చాడు. తాము ఎక్కివచ్చిన దారంతా తడిగీత. కింద మలుపు దాకా ఒకే చార, ట్రాలీ నుంచి ఇంకా కారుతూనే ఉంది.

మేనకోడలు కూడా దిగి ఆ చారనే చూస్తోంది. తర్వాత ఆయన మంచి చెవి వైపుకి వచ్చి నిలబడింది.

“మామయ్యా, ఈ నీళ్ళని రోడ్డు మీద పారబోయడానికేనా ఇంత ఎత్తు మోసుకొచ్చాం?”

“పెద్దాయన పెట్టిన పద్ధతమ్మా.”

“ఎందుకు పెట్టాడు?”

ఎందుకో ఆయనకు తెలుసు. ఆయన కొత్తగా చేరిన రోజుల్లో ఈ కొండకు రోడ్డు లేదు. చుట్టూ తిరిగి, ఎండలో, రెండు రోజుల ప్రయాణం. దారిలో వేర్లు ఎండకూడదని పెద్దాయన బయల్దేరే ముందు నీళ్ళు పట్టించేవాడు. తర్వాత రోడ్డు పడింది. రెండు రోజులు మూడు గంటలయ్యాయి. గొట్టం పట్టుకున్న చేతులు మారాయి గానీ, ఇప్పుడు కూడా ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికంటే ముందు తను అడగలేదు.

పోయిన నెల పంపు పాడైన రోజు చెట్లను ఉదయం తడపకుండానే పంపామని, ముందురోజు సాయంత్రం పెట్టిన నీళ్ళతోనే పోయాయని, ఒక్క ఆకు కూడా వడలలేదని మేనకోడలు చెప్పింది. మట్టి పీల్చుకోగలిగినంత సాయంత్రమే పీల్చుకుంటుందట, తెల్లారి పట్టేదంతా ఇలా కారిపోయేదేనట. షెడ్డులో ఈ మాట రెండుసార్లు అన్నదట కూడా. ఎవరూ పట్టించుకోలేదు.

నిదానం బానెట్ ఎత్తాడు. వేడి మొహానికి కొట్టింది. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఇంజను తన చేతిలో ఉంది. దీన్ని ఎన్నోసార్లు తిట్టాడు, చేతకానిదన్నాడు, దాటిపోయే బండ్లను చూసి దీన్ని చిన్నచూపు చూశాడు. పాపం అది మోయనక్కర్లేని నీళ్ళను కూడా మోస్తూ, ఒక్కరోజు కూడా ఆయన్ను మధ్యదారిలో వదిలేయలేదు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. దాని మూత మీద చేయి వేసి, కాలినా తీయకుండా కాసేపు ఉంచాడు. ఇంతకాలం ఇంటికి చేర్చినందుకు దానికి రుణపడి ఉన్నానని అనిపించింది. అనిపించిన మాటను పైకే అన్నాడు. మేనకోడలు వినలేదన్నట్టు అటు తిరిగింది.

చెట్లు దించి నర్సరీకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. రేపటి సరుకు, మరో పన్నెండు చెట్లు, షెడ్డులో సిద్ధంగా ఉన్నాయి. నిన్న సాయంత్రం తడిపినవి, మళ్ళీ గొట్టం తగలనివి. గోనె మీద అరచేయి పెట్టి చూశాడు. చల్లగా, చెమ్మగా ఉంది. నొక్కితే నీరు రాలేదు. వాటిని ఎక్కించి మళ్ళీ వేబ్రిడ్జికి పోయాడు. ఒకే రోజు రెండుసార్లు వచ్చినందుకు కాటా మనిషి ఎగాదిగా చూశాడు. రెండువేల మూడువందల పది.

ఆ చీటీ చేతిలో పట్టుకుని ఆయన కాసేపు బండెక్కలేదు. ఆయన మనసులోని పెద్ద డీజిలు కొండ మలుపు తిరిగి, వీపు కూడా కనబడకుండా పోయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పొద్దుటి చీటీ ఒక్కటే చూపిస్తే చాలు, యజమానురాలు మారు మాట్లాడకుండా పెద్దది కొనేస్తుంది. మేనకోడలు కూడా ఏమీ అనదు, మామయ్య సంగతి దానికి తెలుసు. అందుకే ఆయనకు మరీ కష్టమైంది. చివరికి రెండు చీటీలనూ కలిపి ఒకే మడత పెట్టి జేబులో వేసుకున్నాడు.

నాలుగింటికి మేనకోడలితో కలిసి షోరూంలో ఉన్నాడు. సేల్స్‌మన్ నడివయసు మనిషి, మాటకారి. టార్కు అనే లాగుడు బలం గురించి ఏవో అంకెలు ఏకరువు పెట్టాడు. నిదానం చెవుడున్న చెవిని అటు తిప్పి ఓపిగ్గా విన్నాడు. తర్వాత మా ట్రాలీ తగిలించి నడిపిచూస్తే తప్ప చెప్పలేనన్నాడు. చిన్న డీజిలుకు దాన్ని తన చేత్తోనే తగిలించాడు, గొలుసు మూడుసార్లు లాగాడు. షోరూం వెనక నిటారుగా ఎక్కే రోడ్డుంది. మధ్యలో కావాలనే ఆపి, మళ్ళీ కదిలించాడు. కిటికీ అద్దం ఎత్తేసి మంచి చెవితో విన్నాడు. ఆ సోడాసీసా రొప్పలేదు. ఒక్క క్షణం బిగబట్టి, చెప్పిన మాట విన్నట్టు నిబ్బరంగా కదిలింది. దిగువకు వచ్చేటప్పుడు ట్రాలీ నెడుతున్నా పట్టు తప్పలేదు. ఖాళీగా తిరిగితే లీటరుకు పదమూడు కిలోమీటర్లు ఇస్తుందని సేల్స్‌మన్ అన్నాడు. పన్నెండు వేసుకున్నా, పాతదాని కంటే నాలుగు ఎక్కువ.

“బాగుందమ్మా,” అన్నాడు మేనకోడలితో, ఎవరో మంచి సంబంధం చూసినట్టు. “నీకు సరిపోతుంది.”

పొద్దు వాలేసరికి యజమానురాలి గదిలో బల్ల మీద రెండు చీటీలూ పక్కపక్కనే పెట్టాడు. చిన్న డీజిలు చాలన్నాడు. ఎందుకు చాలో చెప్పడానికి నీళ్ళ సంగతంతా చెప్పాల్సి వచ్చింది. ఇన్నేళ్ళూ అడగనిది తన తప్పేనని, కనిపెట్టింది మేనకోడలని కూడా చెప్పాడు. ఆమె రెండు చీటీల మీది అంకెలూ చదివింది.

“నాన్న పెట్టాడని నేనూ అడగలేదు,” అంది. “మీకు పెద్దదంటే ఇష్టమని మెకానిక్ చెప్పాడు. నిజమేనా?”

“నిజమేనమ్మా. ఇష్టం నాది, బండి మీది, నడపబోయేది ఆ పిల్ల. అయినా మీరు నన్ను అడిగారు. నాకది చాలు.”

ఆమె లేచి నిలబడింది. నాన్న గదిలోకి వస్తే అలాగే నిలబడేది. కొత్తది రావాలంటే రెండు నెలలు పడుతుందట, అందుకని ఆయన నడిపిచూసిన బండినే పంపమని అక్కడికక్కడే ఫోను చేసింది. రేపటి నుంచి ఉదయం గొట్టం తీయొద్దని షెడ్డుకు కబురు కూడా పంపింది. ఇంటికెళ్ళాక నిదానం భార్యకు అంతా ఒకసారే చెప్పాడు. రెండోసారి చెప్పమని ఆవిడే అడిగింది.

తొమ్మిది రోజుల తర్వాత ఒక సెలవురోజున భోజనం చేసి, అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుంటానని కుర్చీలో వెనక్కి వాలాడు. గిన్నెలు కడిగి వచ్చి భార్య పిలిచింది. మంచి చెవి వైపే నిలబడి పిలిచింది, ఆయన ఇక లేవలేదు. జన్మలో ఆయన తొందరపడిన పని అదొక్కటే.

ఆ వారం చివర్లో లారీ మీద కొత్త పికప్ వచ్చింది. షోరూంలో ఆ తర్వాత దాన్ని ఎవరూ నడపలేదట. మర్నాడు పొద్దున్నే చెట్లు వెళ్ళాలి. తెల్లారేసరికి గోనెలు చెమ్మగా ఉన్నాయి, నీరు కారడం లేదు. మేనకోడలు గొలుసు లాగి చూసి, తలుపు తీసి ఎక్కింది. మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. సీటు ముందుకంటా జరిపి ఉంది, పొట్టి మనిషికి సరిపోయేలా. కాసేపు అలాగే ముడుచుకుని కూర్చుంది. తర్వాత మీట కింద చేయిపెట్టి సీటు వెనక్కి జరుపుకుంది. బయటి అద్దం సరిచేయబోయి మీట మీద వేలు పెట్టి ఆగిపోయింది.

ఆ అద్దం దూరంగా రోడ్డును చూపించేలా లేదు. బాగా కిందికి వంచి ఉంది. అందులో ట్రాలీ వెనక చక్రం, దాని పక్కన దారి అంచు, ఆ రెంటి మధ్యా జానెడు ఖాళీ కనిపిస్తున్నాయి.