ఓసియెక్ నుంచి వచ్చిన ఓడ

నోవి సాద్‌లో గోయ్కో రేడియో రిపేరు కొట్టు నెలాఖరుకు మూతపడుతోంది. శనివారం పదిన్నరకు బ్రానిస్లావా వచ్చి సంచీలోంచి మూడు వస్తువులు తీసి బల్ల మీద పెట్టింది. రబ్బరు మీటల కంప్యూటర్, క్యాసెట్ ప్లేయర్, ఒక క్యాసెట్.

"మ్యూజియం పక్క వీధిలో ఉందమ్మాయ్," అన్నాడు గోయ్కో.

"తెలుసు బాబాయ్. నిన్నెప్పుడు పంపిస్తారని వాళ్లు అడుగుతున్నారు. ముందు ఇది విను. ఇందులో ఏమైనా ఉందా, ఖాళీయా? అది చెప్పు చాలు."

క్యాసెట్ మీద పెన్సిల్‌తో "డ్రావా, 64" అని ఉంది. రాత జ్వోనిమిర్‌ది. బ్రానిస్లావాకు పదమూడో ఏట కంప్యూటర్ క్లబ్బుల వేసవి శిబిరంలో అతనితో పరిచయం. అతనిది ఓసియెక్. ఇద్దరికీ ఒకే ఆట పిచ్చి. ఒక గ్రహంలో ధాన్యం కొని ఇంకో గ్రహంలో అమ్ముకుంటూ, ఓడను నక్షత్రాల పటం చివరన ఉన్న వెరునా దాకా తీసుకెళ్లాలి. ఊళ్లు వేరు కాబట్టి ఇద్దరూ ఒకే ఓడను పంచుకున్నారు. దానికి డ్రావా అని పేరు పెట్టారు. ఒకరు కొన్నాళ్లు ఆడి, ఆటనూ అది ఆగిన చోటునూ క్యాసెట్‌లోకి కూతలుగా ఎక్కించి టపాలో పంపాలి. అక్కడి నుంచి రెండోవాళ్లు ఆడాలి. నియమం ఒక్కటే. పంపేముందు ఇంధనం నింపాలి.

మూడేళ్లు ఓడ టపాలో తిరిగింది. అరవై మూడో వంతు పంపుతూ బ్రానిస్లావా, "వెరునాలో ముందు దిగేది నేనే, రాసి పెట్టుకో," అని చీటీ పెట్టింది.

1991 జూన్‌లో ఈ క్యాసెట్ వచ్చింది. నాలుగుసార్లు పెట్టినా లోడ్ కాలేదు. ఆ రోజే ఉత్తరం రాసింది. "ఖాళీ క్యాసెట్ పంపావు. ఆడటం ఇష్టం లేకపోతే చెప్పేయొచ్చుగా." జవాబు రాలేదు. ఆకురాలు కాలానికి దేశం చీలి యుద్ధం వచ్చింది. సరిహద్దు అవతల పడ్డ ఓసియెక్‌కు టపా ఆగింది, ఫోన్లూ ఆగాయి. ఆమె ఆ కంప్యూటర్‌ను మళ్లీ తీయలేదు. తర్వాత వేరే కంప్యూటర్ల మీద, వ్యాపార ఓడల ఆట ఎక్కడ కనిపించినా కొని ఆడింది. ఏ ఓడకీ పేరు పెట్టలేదు.

గోయ్కో ఆమె ప్లేయర్‌లోనే క్యాసెట్ పెట్టి విన్నాడు.

"ఖాళీ కాదే. జలుబు చేసినవాడిలా కూస్తోంది. ప్లేయర్ హెడ్ పక్కన స్క్రూ ఎవరు తిప్పారు?"

"ఎవరూ తిప్పలేదు."

"సీలు పగిలింది చూడు. దెయ్యం తిప్పిందా?"

ఆమె వంగి చూసింది. స్క్రూ మీద తన గోళ్ల రంగు. శిబిరంలో జ్వోనిమిర్ ఒకే క్యాసెట్ వింటూ, తన ప్లేయర్‌లోనూ ఆమె ప్లేయర్‌లోనూ టేపును చదివే హెడ్‌ను ఆ స్క్రూతో ఒకే వాలుకు తెచ్చి, కదలకుండా సీలుగా ఆ రంగు పూశాడు. అరవై నాలుగో వంతు రావడానికి వారం ముందు, పక్కింటివాళ్ల క్యాసెట్ లోడ్ కాకపోతే ఆమే స్క్రూ సగం చుట్టు తిప్పింది. వెనక్కి తిప్పడం మరిచిపోయింది.

"నేనే బాబాయ్," అంది. "నేనే తిప్పి, అతన్ని అన్నాను."

గోయ్కో స్క్రూడ్రైవర్ ఆమె చేతిలో పెట్టాడు. "ఆ కూత ఎలా ఉండాలో నీకే తెలియాలి. నాకు ఇప్పుడు సన్నటి గంట మోగినా వినపడదు."

ఆమె చెవి ఆనించి తిప్పింది. కూత పల్చబడింది, పదునెక్కింది. చేయి ఆపింది. కంప్యూటర్‌ను కొట్టులోని పాత టీవీకి తగిలించి, క్యాసెట్‌ను మొదటికి తిప్పి పెట్టింది. క్యాసెట్‌లో ముందు ఆట, దాని వెనక ఓడ ఆగిన చోటు. లోడ్ కావడానికి ఐదు నిమిషాలు పట్టింది. గోయ్కో పెట్టిన కాఫీ చల్లారింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి. ఓడ డ్రావా. ఉన్న చోటు హెలిన్. ఇంధనం నిండుగా ఉంది. హెలిన్ నుంచి వెరునాకు ఒక్క దూకు.

"ఇంధనం పెట్టుకుని కూడా వెళ్లలేదే వీడు," అన్నాడు గోయ్కో.

"నాకోసం ఆపాడు."

"మరి మీట నొక్కవేం?"

ఆమె మీటల మీంచి చేయి తీసింది. కొట్టులోంచి కొత్త క్యాసెట్ ఒకటి అడిగి తీసుకుంది. ఆటను, హెలిన్‌లోనే ఉన్న ఓడను దానిలోకి ఎక్కించి, మీద "డ్రావా, 65" అని రాసింది. చీటీలో రెండు ముక్కలు రాసింది. "నువ్వు పంపింది ఖాళీ కాదు. స్క్రూ తిప్పింది నేను."

"అతనింకా ఓసియెక్‌లో ఆ పాత ఇంట్లోనే ఉన్నాడంటావా?" అన్నాడు గోయ్కో.

"తెలీదు. టపా అయితే నడుస్తోందిగా ఇప్పుడు."

గోయ్కో ప్లేయర్ చేతిలోకి తీసుకున్నాడు. "హెడ్ ఇంకా వాలుగానే ఉంది. స్క్రూ తిప్పి నిటారుగా సరిచేసి, సీలు వేసివ్వనా?"

"సీలు వెయ్యి బాబాయ్. సరిచెయ్యకు."